పిల్లల మాటలు ఆవిరైపోకముందే రాసిపెట్టుకోవడం ఎలా

మా పెద్దది రెండున్నరేళ్లప్పుడు ఒకరోజు పొద్దున్నే వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంటే దాని వంక చూసి ఏదో అంది. నేనూ మా ఆవిడా గట్టు పట్టుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాం, పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా స్టవ్ కట్టేయాలన్న ధ్యాసే లేదు. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెబుదాం అనుకున్నా, ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది, రేపు చెబుదాంలే అనుకున్నా. వారం తర్వాత తెనాలి వెళ్లినప్పుడు "అమ్మా, నీ మనవరాలు కుక్కర్‌ని చూసి ఏమందో తెలుసా" అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయా. గుర్తు రావట్లేదు. మా ఆవిడ వైపు చూశా, తనకీ రావట్లేదు. "ఏదో అందిలేరా" అని అమ్మ నవ్వేసింది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్లయింది, ఇప్పటికీ గుర్తు రాలేదు. కుక్కర్ గుర్తుంది, విజిల్ గుర్తుంది, మేం నవ్విన నవ్వు గుర్తుంది, అది అన్న మాట మాత్రం పోయింది.

ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టా. ఇప్పుడు పెద్దదానికి ఎనిమిదిన్నర దాటింది, చిన్నోడికి నాలుగున్నర, రెండు లాంగ్ నోట్‌బుక్కులు నిండిపోయి మూడోది నడుస్తోంది. మా బీరువాలో నగల డబ్బా పక్కనే ఉంటాయి అవి. నాకు మా పిల్లలంటే ఎంత గర్వమో ఆ పుస్తకాలన్నా అంతే గర్వం. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇలాంటి మాటలు రోజుకి పది పుడతాయి, రాసుకునేవాళ్లు లేక పోతుంటాయి, అందుకే ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది మొత్తం ఇక్కడ చెప్తున్నా, ఇవాళ రాత్రే మొదలుపెట్టండి.

ముందు చేతికందిన చోట రాసేయండి

మంచి డైరీ కొన్నాక మొదలుపెడదాం అనుకుంటే అది ఎప్పటికీ అవ్వదు. నా మొదటి ఎంట్రీ గోడ క్యాలెండర్ మీద ఉంది, పాల ప్యాకెట్ల లెక్కకీ గ్యాస్ బండ మార్చిన తారీఖుకీ మధ్యలో. మా అమ్మకి కట్టుడు పళ్లు, రాత్రి పడుకునే ముందు తీసి గ్లాసులో వేస్తుంది. అప్పుడు పెద్దదానికి మూడేళ్లు, అది చూసి తన ముందు పళ్లు రెండు చేతులతో పట్టుకుని లాగి లాగి "నానమ్మా, నావి రావట్లేదు, నువ్వు లాగి కడుగు" అని నోరు తెరిచి నిలబడింది. అమ్మ నవ్వాలంటే నోట్లో పళ్లు లేవు, చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను పరిగెత్తుకెళ్లి క్యాలెండర్‌కి దారం కట్టి ఉన్న పెన్నుతో ఆ గడిలోనే ఇరికించి రాసేశా. ఆ నెల కాగితం చింపి పుస్తకం మొదటి పేజీలో అంటించుకున్నా, పాల లెక్కతో సహా.

కాబట్టి క్యాలెండర్ అయినా పర్లేదు, బస్ టికెట్ వెనక అయినా పర్లేదు. ఫోన్ చేతిలో ఉంటే వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునే సౌకర్యం 2022 చివర్లో వచ్చింది కదా, నాకు దానికంటే సులువైన పద్ధతి దొరకలేదు, మీ పేరే వెతికి అందులో కొట్టేయండి. ముందు నాలుగు ముక్కలు చాలు. కానీ అది చిత్తు మాత్రమే అని గుర్తుంచుకోండి. మాకు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పావుగంట ఉంటుంది, నేను వారం మెసేజ్‌లు తీస్తా, మా ఆవిడ "అది కాదు, వాడు అలా అనలేదు" అని దిద్దుతుంది, ఇద్దరం కలిసి పుస్తకంలోకి ఎక్కిస్తాం. ఒక్కళ్లే రాస్తే సగమే వస్తుంది, ఇద్దరి చెవులూ కావాలి.

పెన్ను సంగతి కూడా చెప్పేస్తా. ఒక వానాకాలం కిటికీ పక్కన పెట్టిన పుస్తకం మీద జల్లు పడితే జెల్ పెన్నుతో రాసిన పేజీలు నాలుగు అలుక్కుపోయాయి, బాల్ పెన్నుతో రాసినవి అలాగే ఉన్నాయి. అప్పటి నుంచి మా ఇంట్లో దీనికి మామూలు నీలం బాల్ పెన్నే.

ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఇదే అసలు పని

మొదట్లో నేను చేసిన పొరపాటు ఏంటంటే, "ఈరోజు పాప కరెంటు గురించి భలే మాట అంది, అందరం నవ్వుకున్నాం" అని రాసేవాణ్ణి. అది ఇప్పుడు చదివితే ఏముంది అందులో? ఏమీ లేదు. కుక్కర్ మాట లాగే అదీ పోయినట్టే.

రాసేటప్పుడు తారీఖు రాయండి, పిల్లల వయసు ఏళ్లూ నెలలతో సహా రాయండి, ఎందుకంటే రెండేళ్ల రెండు నెలలకీ రెండేళ్ల పది నెలలకీ మాటలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఎక్కడ, ఎవరున్నారు, అంతకుముందు మనం ఏమన్నాం, అప్పుడు వాళ్లేమన్నారు, ఏం చేస్తూ అన్నారు. మాట మాత్రం వాళ్ల నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే. ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు. మా పుస్తకంలోది ఒకటి ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా చూడండి.

"2023 జూన్ 11, ఆదివారం. చిన్నోడు 2 ఏళ్ల 5 నెలలు. కింద కూర్చుని భోజనం. తాతయ్య కూడా ఉన్నారు. అమ్మ వాడి కంచంలో కాకరకాయ కూర వేసింది. వాడు కంచం తాతయ్య వైపు నెట్టి: తాతలతాయ తూల తాతతే."

తాతలతాయ తూల తాతతే. కాకరకాయ కూర తాతకే అన్నమాట. వాడికి అప్పుడు క పలకదు, ర పలకదు. క, గ అనాలంటే నాలుక వెనక భాగం లేచి అంగిలికి తగలాలి, త, ద అయితే నాలుక కొస పళ్ల వెనక తగిలితే చాలు, చిన్నపిల్లలకి ఇదే సులువు కాబట్టి కాకి తాకి అవుతుంది, కోడి తోడి అవుతుంది. మా నాన్న ఆ మాట విని చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయారు, "ఇన్నేళ్లొచ్చాయి, నా పేరు మీద ఒక కూర ఉందని ఇవాళ తెలిసిందిరా" అని ఆ కూరంతా ఆయనే తినేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో కాకరకాయ లేదు, తాతలతాయే. మా ఆవిడ కూరగాయల చీటీలో కూడా అలాగే రాస్తుంది, ఒకసారి రైతుబజార్‌లో చీటీ చూసుకుంటూ "తాతలతాయ అరకిలో" అని పైకే అనేశా, కూరగాయలామె ఒక్క క్షణం చూసి, సంగతి చెప్పాక తన మనవడు కూడా గుడ్డుని "దుడ్డు" అంటాడని చెప్పుకుని మురిసిపోయింది, రెండు కాయలు ఎక్కువ కూడా వేసింది.

అదే నేను "కాకరకాయ కూర తాతకే అన్నాడు" అని దిద్ది రాసుంటే ఇందులో ఏం మిగిలేది?

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫోన్‌లో మైకు నొక్కి చెప్తే అది మంచి ఉద్దేశంతోనే మాటని సరిచేసి పెడుతుంది, నేను తాతలతాయ అంటే దానికి తోచిన ఇంకేదో మాట కొట్టింది. సజెషన్లు కూడా అంతే, వేలు తగిలితే మార్చేస్తాయి. కాబట్టి పిల్లల మాటని తెలుగు కీబోర్డులో ఒక్కో అక్షరం కొట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్లకి మరీ మరీ చెప్తున్నా, త కీ ట కీ, ల కీ ళ కీ తేడా అందులో తెలీదు, ఐదేళ్ల తర్వాత మీరే చదువుకోలేరు. మన లిపిలో పలికినట్టు రాసుకోవచ్చు, ఈ పనికి ఇంతకంటే ఏం కావాలి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం మనం సరిగ్గానే పలకాలి. "అది తాతలతాయ కాదురా, సరిగ్గా అను" అని పిల్లాణ్ణి నిలబెట్టక్కర్లేదు, "అవునా, కాకరకాయ కూర తాతకేనా" అని మనం మామూలుగా అంటే సరిపోతుంది, వాడు వింటాడు, వాడే మారతాడు. మావాడికి మూడున్నర దాటాక క వచ్చేసింది, ఆ రోజు కూడా రాసి పెట్టుకున్నా. మూడేళ్లు దాటినా బయటివాళ్లకి మాట అస్సలు అర్థం కావట్లేదంటే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి, చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో కూడా పరీక్ష చేయించండి, ఈ పుస్తకం అక్కడ కూడా పనికొస్తుంది, ఏ నెలలో ఏం మాట్లాడాడో డాక్టర్ అడిగితే చూపించొచ్చు.

ఏ మాటల కోసం చెవి ఒగ్గాలి

జోకులు వేస్తారేమో అని చూడక్కర్లేదు. పిల్లలు నవ్వించడానికి అనరు, తెలుగు నేర్చుకుంటూ వాళ్లకి వాళ్లే లెక్కలు కట్టుకుని మాట్లాడతారు, ఆ లెక్క మనకి నవ్వు తెప్పిస్తుంది. కొన్ని చోట్ల ఇవి ఎక్కువ దొరుకుతాయి.

మనం, మేము. మన భాషలో వినేవాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో, హిందీలో రెండిటికీ ఒకటే మాట. పిల్లలకి ఈ తేడా వంటబట్టడానికి టైం పడుతుంది. కింద ఫ్లోర్ ఆంటీ వచ్చి "మీ నాన్నగారు ఉన్నారామ్మా" అంటే మా పెద్దది తలుపు సగం తీసి "మన నాన్న స్నానం చేస్తున్నాడు ఆంటీ" అని గట్టిగా చెప్పింది. పాపం అది మర్యాదగా ఆంటీని కూడా కలుపుకుంది. ఆంటీ ఇప్పటికీ లిఫ్ట్‌లో కనపడితే "మన నాన్నగారు బాగున్నారా" అని పిల్లని అడుగుతుంది.

నిన్న, రేపు. మావాడికి జరిగిపోయింది మొత్తం నిన్న, జరగబోయేది మొత్తం రేపు, ఒక్కోసారి అటుదిటు. "నిన్న పెద్దయ్యాక బస్సు తోలుతా" అంటాడు. "తాతయ్య రేపొచ్చాడు కదా, చెరుకు తెచ్చాడు" అంటాడు. ఇవి రాయండి, ఎందుకంటే ఒకరోజు చప్పుడు లేకుండా సరిగ్గా అనడం మొదలుపెడతారు, ఆ రోజు మనం గమనించం కూడా.

వచ్చాడు, వచ్చింది. చిన్నోడు కొన్నాళ్లు ఆటో వచ్చాడు, కుక్క వచ్చాడు, అమ్మ వచ్చాడు అన్నాడు. మా ఆవిడ ఆఫీసు నుంచి రాగానే "అమ్మ వచ్చాడోచ్" అని కేక. క్రియ చివర ఏమన్నారో జాగ్రత్తగా రాయండి, అందులోనే ఉంటుంది అందం.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో రకం దొరుకుతాయి. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది, మేనకోడలు స్కూల్లో అంతా ఇంగ్లీషే, వీడియో కాల్‌లో మా అమ్మతో "అమ్మమ్మా, నేను ఆకలి ఉన్నాను" అంది. "ఆకలి నువ్వైతే మరి అన్నం ఎవరే తల్లీ" అని మా అమ్మ. ఆ పిల్ల ఆలోచించి "అన్నం అమ్మ" అంది. చెల్లెల్ని వెంటనే రాయమన్నా, తెలుగులోనే రాయమన్నా.

ఇక రెండు ఊళ్ల మాటలు కలిసిన ఇల్లైతే మీరు అదృష్టవంతులు. మాది తెనాలి, మా ఆవిడ వాళ్లది హనుమకొండ, ఉండేది కూకట్‌పల్లి. 2024 ఉగాదికి అమ్మా, అత్తమ్మా ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. వంటింట్లో అమ్మ "నాన్నా, ఒక ఉల్లిపాయ పట్రా" అంది, అదే టైంకి అత్తమ్మ "బిడ్డా, ఒక ఉల్లిగడ్డ తేపో" అంది. మూడేళ్ల మూడు నెలల మావాడు బాల్కనీలో బుట్ట దగ్గర చాలాసేపు కూర్చున్నాడు, ఏరుతున్నాడు, పక్కన పెడుతున్నాడు, మళ్లీ ఏరుతున్నాడు. ఆఖరికి రెండు చేతుల్లో రెండు పట్టుకొచ్చి కొంచెం పెద్దది అమ్మ చేతిలో పెట్టి "ఇది ఉల్లిపాయ", చిన్నది అత్తమ్మ చేతిలో పెట్టి "ఇది ఉల్లిగడ్డ" అన్నాడు. ఆ ముసలాళ్లిద్దరూ వాటిని చేతిలో పట్టుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పడీ పడీ నవ్వారు. నాకు తెలిసి వియ్యపురాళ్లిద్దరూ అంతలా కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆ పూట పులిహోరలో ఉల్లిపాయ లేకపోయినా రెండూ ప్లేటులో పెట్టి దేవుడి గది బయట ఉంచారు, కొయ్యనివ్వలేదు.

పిల్లలు ప్రశ్న అడిగితే అది రాయడం అస్సలు మర్చిపోవద్దు, మనం చెప్పిన జవాబు కూడా రాయండి. మన ఇళ్లల్లో ముద్దొస్తే పిల్లల్ని "నాన్నా", "అమ్మా", "తల్లీ" అనే పిలుస్తాం కదా. పెద్దదానికి ఐదేళ్లప్పుడు రాత్రి జడ విప్పుతూ "దా నాన్నా, పడుకుందాం" అన్నా. అది కదలకుండా కూర్చుని "నువ్వు నన్ను నాన్నా అంటావు. నేను నిన్ను నాన్నా అంటాను. తాతయ్య కూడా నిన్ను నాన్నా అంటాడు. మరి అసలు నాన్న ఎవరు?" అంది. నేను దువ్వెన పట్టుకుని అలాగే ఉండిపోయా. చాలాసేపటికి "ఎవరు ఎవరినైనా బాగా ముద్దు చేస్తే వాళ్లు నాన్న అన్నమాట" అన్నా. అది ఒప్పుకోలేదు, "అయితే ఇవాళ నేనే నాన్న, నువ్వు పడుకో, నేను లైటు తీస్తా" అంది. లైటు స్విచ్ అందక కుర్చీ లాక్కుని మరీ తీసింది.

మాటలు ఎప్పుడు రాలతాయి

ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏం జరిగింది" అంటే "ఏం లేదు" అంటారు. మనం మాత్రం ఆఫీసులో ఏం జరిగిందంటే ఇంకేం చెప్తాం. చిన్న ప్రశ్న అడగాలి, ఇవాళ ఎవరి డబ్బాలో ఏం తెచ్చారు, వాటర్ బాటిల్ ఎవరిది లీకైంది, మీ మిస్ ఇవాళ ఎవర్ని బెంచీ మార్చింది, అంతే, కట్ట తెగిన చెరువే ఇక.

అన్నిటికంటే మంచి టైం చేతులు పనిలో ఉండి కళ్లు ఎదురెదురుగా లేనప్పుడు. బట్టలు ఆరేస్తూ క్లిప్పులు అందించమనండి, బఠాణీలు ఒలవమనండి, ముద్దలు కలిపి పెట్టండి. కరెంటు పోయిన పది నిమిషాలు వృథా చేసుకోవద్దు, మా చిన్నోడు ఇన్వర్టర్ గుంయ్‌మంటుంటే చెవి ఆనించి విని "కరెంటు బజ్జుంది, ఇది జోకొడుతోంది" అన్నది అలాంటి పది నిమిషాల్లోనే. మా ఇంట్లో ఆదివారం తలంటు నా డ్యూటీ. నూనె రాసి, నలుగు పెట్టి, కుంకుడుకాయ రసంతో రుద్దుతుంటే ఎంత జాగ్రత్తగా ఉన్నా కంట్లో పడుతుంది కదా, పెద్దది చిన్నప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని "నాన్నా, నేను కుంకుడుకాయని ఏం చేశాను? దానికి నా మీద అంత కోపం ఏంటి?" అని ఏడుస్తూ అడిగేది. అప్పుడు నేను దాన్ని బయట రోట్లో చితక్కొట్టిన సంగతి చెప్పా. వెంటనే ఏడుపు ఆపేసి "మరి కొట్టింది నువ్వు కదా" అంది.

ఆడియో తీసుకోవడం కూడా మంచిదే, పలుకు అందులోనే దొరుకుతుంది. కాకపోతే ఫోన్ ఎత్తగానే పిల్లలు మారిపోతారు, అందుకని రాత్రి కథ చెప్పేటప్పుడు రికార్డర్ ఆన్ చేసి ఫోన్ దిండు పక్కన బోర్లించి పెట్టేయండి, రెండు మూడు నిమిషాలు చాలు, తర్వాత ఫైల్‌కి తారీఖూ మాటా పేరుగా పెట్టండి, రికార్డింగ్ 47 అని వదిలేస్తే మళ్లీ దాన్ని ఎవరూ తెరవరు. ఇంకోటి, కాపీ తీసి పెట్టుకోండి. నా పాత ఫోన్ బాత్రూంలో బకెట్లో పడింది, రిపేర్ షాపు అబ్బాయి రెండు రోజులు తిప్పలు పడ్డాడు, దాదాపు ఎనిమిది నెలల ఆడియోలు పోయాయి. పెద్దది నాలుగేళ్ల గొంతుతో చెప్పిన ఏడు చేపల కథ అందులోనే ఉంది. ఇప్పుడు నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, చెల్లెలికి పంపి ఇంకోటి, నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి అవీ పంపుతా.

నవ్వొచ్చినా ఆపుకోవాల్సిన చోటు

ఇది నాకు బాధ కలిగించిన సంగతి, అందుకే చెప్పి తీరాలి. పెద్దదానికి ఐదున్నరప్పుడు చుట్టాలింట్లో అన్నప్రాసన. నలుగురూ కూర్చున్నారు, నేను ఉత్సాహంగా "ఏదమ్మా, ఆ నాన్న ఎవరు అని అడిగావు కదా, అందరికీ చెప్పు" అన్నా. అది చెప్పింది. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో "మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు" అన్నారు. చూస్తే పిల్ల లేదు. వెతికితే లోపల గదిలో బీరువాకీ గోడకీ మధ్య సందులో పట్టు పరికిణీ నలిపేసుకుని నిలబడి ఉంది. "నేను నిజంగా అడిగాను నాన్నా, జోక్ కాదు" అంది. నాకు గొంతు పట్టేసింది.

అది నిజంగానే అడిగింది. మనకి నవ్వు, వాళ్లకి అది ఆలోచన. అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పిల్లలు అనగానే ముందు జవాబు చెప్పాలి, నవ్వు ఆగకపోతే పక్క గదిలోకి వెళ్లి నవ్వుకోవాలి, లేదా "ఎంత బాగా ఆలోచించావురా" అని దగ్గరికి తీసుకుని నవ్వాలి, అప్పుడు వాళ్లూ మనతో నవ్వుతారు. బయటివాళ్ల ముందు "ఏదీ మళ్లీ అను" అనకూడదు. చుట్టాలకి చెప్పాలంటే ముందు పిల్లని అడగాలి, వద్దంటే వద్దు. స్టేటస్‌లో, రీల్స్‌లో పెట్టడం మేమైతే పూర్తిగా మానేశాం. ఇప్పుడు ఇందులో రాసిన ప్రతిదానికీ పెద్దదాన్ని అడిగే రాశా, ఒకటి వద్దంది, అది తీసేశా. చిన్నోడు మాత్రం "ఉల్లిగడ్డ రాయి, ఉల్లిపాయ కూడా రాయి" అన్నాడు.

పుస్తకం ఇంట్లోవాళ్లు ఎవరైనా తీసి చదువుకునేలా ఉండాలి గానీ అందులో ఏడుపులు, తిట్లు, పక్క తడిపిన సంగతులు రాయొద్దు. రేపు వాళ్లు పెద్దయ్యాక చదివి సిగ్గుపడే మాట ఒక్కటి కూడా ఉండకూడదు, ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటా.

పెద్దవాళ్లవీ రాయండి

మా అమ్మ వీడియో కాల్ వస్తే ఇప్పటికీ ఫోన్ చెవికే పెట్టుకుంటుంది, మాకు ఒక చెవి కమ్మ మాత్రమే కనపడుతుంది, పిల్లలు "నానమ్మా, చెవి కాదు, మొహం" అని అరుస్తారు, "మొహంతో ఎలా వినపడుతుందిరా" అంటుంది అమ్మ. నాన్న కూడా తక్కువేం కాదు. వాళ్ల మాటలు కూడా తారీఖు వేసి రాస్తున్నా, వాళ్ల సామెతలు, వాళ్లు పిల్లల్ని పిలిచే పేర్లు, అన్నీ. ఎందుకు రాస్తున్నానో ఇక్కడ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

ఇది ఏదో కొత్తగా నేను కనిపెట్టింది కూడా కాదు. చార్లెస్ డార్విన్ అంతటాయన 1839లో పెద్దకొడుకు పుట్టగానే వాడు తుమ్మిన దగ్గర్నుంచి నోట్సు రాసుకుని, ముప్పై ఏడేళ్లు దాచి 1877లో అచ్చు వేయించాడు. అందులో ఒక ముక్క నాకు ప్రాణం. ఆ పిల్లాడు సరిగ్గా ఏడాది నిండినప్పుడు అన్నానికి తనే ఒక మాట పుట్టించుకున్నాడట, "మమ్". మన పిల్లలు మమ్ము, మమ్మం అంటారు చూడండి, అక్కడ ఇంగ్లండ్‌లో ఆ పిల్లాడూ అదే అన్నాడు, వాళ్ల నాన్న రాసి పెట్టాడు కాబట్టే మనకి తెలిసింది.

చదివే రోజు ఒకటి పెట్టుకోండి. మాకు పిల్లల పుట్టినరోజు రాత్రి, కేకు గొడవ అంతా అయిపోయి పక్కలు వేసుకున్నాక, ఎవరి పుట్టినరోజైతే వాళ్ల ఆ ఏడాది పేజీలు నేను చదువుతా. సంక్రాంతికి తెనాలిలో డాబా మీద ఇంకోసారి, అప్పుడు తాతయ్యకి తాతలతాయ పేజీ రెండుసార్లు చదవాలి. చదివేటప్పుడు ఎవరైనా "అప్పుడు ఇంకోటి కూడా అన్నాడు" అని గుర్తుచేస్తే మార్జిన్‌లో రాసేస్తా. అందుకే ప్రతి పేజీలో ఒక పక్క నాలుగు వేళ్ల మార్జిన్ వదలండి.

మొన్న ఆదివారం మెసేజ్‌లు ఎక్కిద్దామని మూడో పుస్తకం తెరిస్తే నేను రాయని పేజీ ఒకటి ఉంది. గుండ్రటి చేతిరాత, ఒత్తులు కొన్ని మిస్సు, పెన్ను మాత్రం నీలం బాల్ పెన్నే. పెద్దది రాసింది.

"2025 జూలై 20, ఆదివారం. నాన్న 38 ఏళ్ల 4 నెలలు. బెడ్ రూం. నేను, తముడు, నాన్న ఉనాం. నాన్న తముడికి కథ చెపుతూ రాజు అడవికి వెళి అని ఆగిపోయాడు. నిదర పోయాడు. తముడు దుపటి కపాడు. నేను రాజు ఏమయాడు అని అడిగితే తముడు: ష్, రాజు కూడా బజ్జునాడు."